తిరుపతిలో చదువుకునే స్నేహితుణ్ణి చూడటానికి ఒక్కరోజు ప్రయాణం: చిత్తూరు నుంచి వెళ్ళొచ్చేవాళ్ళకు సమీక్ష

చిత్తూరు నుంచి తిరుపతికి రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే తిరుపతిలో చదువుకుంటున్న స్నేహితుడితో పగలంతా గడిపి రాత్రి అన్నానికి ఇల్లు చేరుకోవచ్చు. బస్సుకు ఇబ్బంది లేదు, క్యాంపస్ చూడదగ్గది, తిండికి లోటు లేదు, తిరుగుదారిలోనే చంద్రగిరి కోట ఉంది. ఇన్ని అమరిన ఒక్కరోజు ప్రయాణం మన వైపు ఇంకోటి దొరకదు. అయినా చాలామంది అలిసిపోయి, స్నేహితుడితో నాలుగు మాటలైనా మాట్లాడకుండా తిరిగొస్తుంటారు. అందుకు ముఖ్య కారణం కొండ.

"ఎటూ తిరుపతి దాకా పోతున్నాం కదా, దండం పెట్టుకుని వచ్చేస్తే సరి" అనుకోవడంతోనే రోజు చేయి దాటిపోతుంది. టోకెన్ లేకుండా సర్వదర్శనం క్యూలో చేరితే రద్దీ రోజుల్లో 12 గంటలు దాటడం మామూలే. టోకెన్ ఉన్నా అలిపిరి తనిఖీ, ఘాట్ రోడ్డు, సెల్‌ఫోన్లు, చెప్పులు అప్పజెప్పడం, మళ్ళీ తీసుకోవడం, దిగేటప్పుడు బస్సు కోసం నిలబడటం అన్నీ కలిపి సగం రోజుకు పైగా తినేస్తాయి. స్వామి దర్శనానికి ఒక రోజు, స్నేహితుడికి ఒక రోజు విడిగా పెట్టుకోండి. ఒకే రోజులో రెండూ ఇరికిస్తే రెండింటికీ అన్యాయమే. "తిరుపతికి పోయి కొండెక్కలేదా?" అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. అడగనీయండి. దండం పెట్టుకోకుండా మనసు ఒప్పుకోనివాళ్ళకు ఆ దారిలోనే ఒక గుడి ఉంది, ఆ సంగతి కింద చెప్తాం.

ముందుగా ఏ రోజు వెళ్ళాలో తేల్చుకోవాలి. శుక్రవారం చంద్రగిరి కోటలోని మ్యూజియానికి సెలవు. శనివారం తిరుపతి వీధులన్నీ యాత్రికులతో నిండిపోతాయి. అందులోనూ సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా తమిళుల పెరటాసి నెల. ఆ శనివారాలు తమిళనాడు నుంచి వచ్చే బస్సులు, కార్లతో మన చిత్తూరు రోడ్డే నిండుగా ఉంటుంది. ఆదివారం స్నేహితుడికి క్లాసులుండవు, ఊరికే తిరగడానికి మంచిదే గానీ లైబ్రరీ, తాళపత్రాలున్న పరిశోధనాలయం, డిపార్ట్‌మెంట్లు మూసి ఉంటాయి. సోమవారం నుంచి గురువారం దాకా ఏదో ఒక రోజు, స్నేహితుడికి మధ్యాహ్నం క్లాసు లేని రోజు చూసుకుంటే అన్నీ తెరిచి ఉంటాయి, దారులూ ఖాళీగా ఉంటాయి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి దగ్గరపడితే వారమేదైనా వద్దు. ఊళ్ళో ట్రాఫిక్ మళ్ళిస్తారు, ఆటోవాళ్ళ రేటూ పెరుగుతుంది.

ఇక బస్సు. చిత్తూరు ఆర్టీసీ బస్టాండు నుంచి తిరుపతికి నాన్‌స్టాప్, ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు మూడు రకాలూ నడుస్తాయి. ముందుగా రిజర్వేషన్ అక్కర్లేదు. జాతీయ రహదారి ఆరు వరుసలయ్యాక నాన్‌స్టాప్ దాదాపు గంటన్నరలో చేరుస్తుంది. ఎక్స్‌ప్రెస్‌కు ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు కలుపుకోండి. పల్లెవెలుగు పూతలపట్టు, పాకాల వైపు ఊరూరా ఆగుతూ పోతుంది కాబట్టి పొద్దునపూట దాన్ని ఎక్కడం దండగ. వెళ్ళేటప్పుడు నాన్‌స్టాప్, వచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్ అని గుర్తుపెట్టుకోండి. నాన్‌స్టాప్‌లో టికెట్ బస్సు కదలకముందే తీసుకోవాలి, మధ్యలో ఎక్కడా ఎక్కించుకోరు, దించరు. సాయంత్రం చంద్రగిరిలో రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపితే ఎన్ని నాన్‌స్టాప్‌లు పోయినా ఒక్కటీ ఆగదు.

ఆడవాళ్ళకు ఇంకో లెక్క ఉంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకే. నాన్‌స్టాప్‌లో టికెట్ కొనాల్సిందే. తిరుమల ఘాట్ రోడ్డు మీద తిరిగే సప్తగిరి బస్సులకూ ఇది వర్తించదు. ఉచితంగా పోవాలనుకుంటే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో పెట్టుకుని ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, పోయేది పావుగంటే. డబ్బు కట్టకపోయినా కండక్టరు సున్నా టికెట్ ఇస్తారు, అది దిగేదాకా దాచుకోవాలి. సొంత కారులో వెళ్ళేవాళ్ళకు గాదంకి దగ్గర టోల్‌గేటు తగులుతుంది. ఆ గాదంకిలోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 130 మీటర్ల చదరంలో 1024 యాంటెనాలు పరిచిన ఎంఎస్‌టీ రాడార్ అక్కడిదే. నేల మీంచి ఆకాశంలో పై పొరల దాకా గాలి కదలికలను కొలిచే ఇంత పెద్ద ఏర్పాటు మన పొలాల మధ్య ఉందని మన వైపువాళ్ళకే చాలామందికి తెలియదు. ఊరికే పోయి చూస్తామంటే రానివ్వరు గానీ, మీ స్నేహితుడు ఫిజిక్స్ చదువుతుంటే ఆ మాట ఎత్తి చూడండి, కబుర్లకు అరగంట సరిపడా సరుకు దొరుకుతుంది.

రైలు మాటేమిటంటే, పాకాల మీదుగా చిత్తూరు నుంచి తిరుపతికి లైను ఉంది, టికెట్ చవక. కానీ కాట్పాడి–పాకాల–తిరుపతి 104 కిలోమీటర్లూ సింగిల్ లైనే. ఎదురు రైలు రావాలంటే మన రైలును ఏదో స్టేషన్లో పక్కకు పెట్టి నిలపాలి. ఆలస్యానికి మూలం అదే. రెండో లైనుకు 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అది పూర్తయి రైళ్ళు నడిచేదాకా, టైము పట్టుకుని తిరగాల్సిన ఒక్కరోజు ప్రయాణానికి బస్సే నమ్మకం.

పొద్దున 6 గంటల ప్రాంతంలో ఎక్కితే 7.45కల్లా తిరుపతిలో ఉంటారు. బస్టాండులో దిగగానే పడే తికమక ఒకటుంది. అది ఒకే బస్టాండు కాదు, శ్రీహరి, శ్రీనివాస, ఏడుకొండల అని మూడు భాగాలు. "బస్టాండులో ఉన్నా, రా" అని ఫోన్ చేస్తే స్నేహితుడు ఒకవైపు, మీరు ఇంకోవైపు వెతుక్కోవడమే. తల ఎత్తి బోర్డు మీద పేరు చదివి చెప్పండి. అసలు స్నేహితుణ్ణి బస్టాండుకు రమ్మనడమే అనవసరం. ఎదురుగా శ్రీనివాసం కాంప్లెక్సు, అక్కడే దర్శనం టోకెన్లు, ఎప్పుడు చూసినా జనం. బండి ఆపుకోవడానికి చోటుండదు. బాలాజీ కాలనీ సర్కిల్ దగ్గర కలుసుకుందామని చెప్పండి. యూనివర్సిటీకి అది కూతవేటు దూరం, టిఫిన్లూ అక్కడే దొరుకుతాయి.

బస్టాండు బయట అడుగుపెట్టగానే "అలిపిరి, అలిపిరి... కొండ, కొండ... సామీ, ఎంతమంది?" అని చుట్టుముడతారు. చేతిలో సంచి ఉన్న ప్రతివాడూ యాత్రికుడే అని వాళ్ళ లెక్క, ఆ లెక్కలోనే రేటు చెప్తారు. "యూనివర్సిటీకి పోవాల, బాలాజీ కాలనీ" అని తడుముకోకుండా అంటే రేటు అక్కడికక్కడే దిగుతుంది. దూరం మూడు నాలుగు కిలోమీటర్లే, షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. బస్టాండు గేటులో నిలబడిన ఆటో కన్నా రోడ్డు మీదికి ఒక వంద అడుగులు నడిచి, కదిలే షేర్ ఆటో ఎక్కడం చవక. కపిలతీర్థం నుంచి తిరుచానూరు వైపు వేసిన శ్రీనివాస సేతు ఫ్లైఓవరు మీదుగా తీసుకెళ్తానంటే వద్దనండి. అది కొండకు పోయేవాళ్ళకు పనికొచ్చే దారి, మీరు పోవాల్సింది పడమటి వైపు.

ఆటో ఎక్కేముందు ఇంకో మాట. తిరుపతిలో వట్టి "యూనివర్సిటీ" అంటే శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ అనే అర్థం. మీ స్నేహితురాలు పద్మావతిలో చదువుతుంటే "మహిళా యూనివర్సిటీ" అనాలి. సంస్కృతం చదివేవాళ్ళ దగ్గరికైతే "విద్యాపీఠం" అనండి. అది 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అయినా పాత పేరుతో అడిగితేనే తొందరగా దారి చెప్తారు. వెటర్నరీ, అగ్రికల్చర్ కాలేజీ, వేదిక్ యూనివర్సిటీ వేటికవే వేరు. వీటిలో ఎక్కువ భాగం ఊరికి పడమట ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కాబట్టి పొరబాటున ఒక గేటు దగ్గర దిగినా పెద్ద నష్టం లేదు. నష్టపోయేది ఐఐటీకి, ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థకు పోయేవాళ్ళు. 2015లో వచ్చిన ఆ రెండింటి పేర్లలో తిరుపతి ఉంది గానీ క్యాంపస్‌లు ఏర్పేడు దగ్గర, శ్రీకాళహస్తి పోయే దారిలో, ఊరికి 20 కిలోమీటర్లకు పైనే. బస్టాండులోనే శ్రీకాళహస్తి బస్సు ఎక్కి ఏర్పేడులో దిగాలి. స్నేహితుడు అక్కడుంటే ఈ సమీక్షలో చెప్పిన వరుస పనికిరాదు, చంద్రగిరి పూర్తిగా వ్యతిరేక దిక్కు.

ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ పొద్దున 8 నుంచి 10 లోపు చూడాలి. సుమారు వెయ్యి ఎకరాలు, దేవస్థానం ఇచ్చిన భూమి. 1954లో టంగుటూరి ప్రకాశం పంతులు ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైంది. మొదటి వైస్ ఛాన్సలర్ ఎస్. గోవిందరాజులు నాయుడు. అప్పటిదాకా రాయలసీమ పిల్లలకు సొంత సీమలో విశ్వవిద్యాలయం లేదు. మదరాసుకో, అనకాపల్లి దాటి వాల్తేరుకో పోవాల్సిందే. మన పాత నాలుగు జిల్లాల్లో మొదటి తరం లెక్చరర్లు, డాక్టరేట్లు, ఆఫీసర్లు ఎంతమంది ఈ చెట్లకింద నడిచి పోయారో లెక్కేస్తే ఆ నీడకు వేరే విలువ వస్తుంది. శేషాచలం కొండ గోడలా లేచి వెనకాల నిలబడి ఉంటుంది. ఎండ ఇంకా ముదరకముందు ఆ కొండ చరియల ఎర్రరాయి మీద వెలుతురు పడేటప్పుడు లోపలి రోడ్ల మీద నడక నిజంగా హాయి. 11 దాటితే, అందులోనూ ఏప్రిల్, మే నెలల్లో, అదే నడక శిక్ష. ఎండాకాలంలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు.

గేటులో గుర్తింపు కార్డు అడగొచ్చు, దగ్గర పెట్టుకోండి. హాస్టల్లోకి నేరుగా పోవద్దు. అమ్మాయిల హాస్టలైతే గేటు దగ్గరి నుంచే పిలిపించుకోవాలి, మగవాళ్ళను లోపలికి రానివ్వరు. ఆ పేచీ లేకుండా లైబ్రరీ దగ్గరో, డిపార్ట్‌మెంటు దగ్గరో కలుసుకోవడం మేలు. కొండ అంచున ఉన్న భాగాల్లోకి చీకటి పడ్డాక మాత్రం పోవద్దు. ఈ క్యాంపస్‌లోనూ, వేదిక్ యూనివర్సిటీ వైపూ చిరుతలు కనబడిన సందర్భాలు ఒకటి కాదు. కుక్కల కోసం, అడవిపందుల కోసం కొండ దిగి వస్తాయి. పొద్దున వెలుతురు బాగా వచ్చాక రోడ్ల మీద నలుగురితో తిరగడానికి భయం లేదు. ఒంటరిగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పొదల పక్క దారుల్లో పోవడమే తప్పు.

క్యాంపస్‌లో ఒక్కచోటికే పోగలిగితే అది ప్రాచ్య పరిశోధనాలయం. యూనివర్సిటీ కన్నా వయసులో పెద్దది. 1939లో దేవస్థానం పెట్టింది, తర్వాత యూనివర్సిటీలో కలిసింది. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు పనిచేసిన చోటు. తిరుమలలో రాగి రేకుల మీద పడి ఉన్న అన్నమయ్య సంకీర్తనలను చదివి, అచ్చు వేయించి, కొన్నింటికి స్వరాలు కట్టి మన నోళ్ళకు అందించింది ఆ తరమే. ఈరోజు పెళ్ళిళ్ళలో, టీవీల్లో, రింగ్‌టోన్లలో వినపడే పాటల వెనక ఈ ఊళ్ళో కూర్చుని అక్షరం అక్షరం విడదీసిన పండితుల కళ్ళున్నాయి. కొండకు పోకుండా ఆ కొండ దేవుడి పాటకు దగ్గరగా పోవడమంటే ఇదే.

ఇక్కడి ఆస్తి తాళపత్రాలు. చూడాలంటే పనివేళల్లో పోయి, లోపల సిబ్బందిని అడిగి, వాళ్ళు చూపించినంతే చూడాలి. స్నేహితుడు తెలుగో, సంస్కృతమో, చరిత్రో చదువుతుంటే ముందురోజే వాళ్ళ మాస్టారుతో ఒక మాట చెప్పించుకోండి, దారి సులువవుతుంది. దగ్గరగా చూసే అవకాశం వస్తే ఈ సంగతులు గమనించండి. ఆకు మూరెడు దాకా పొడుగుంటుంది, వెడల్పు రెండు మూడు వేళ్ళే. ఆకుకు రంధ్రాలు పొడిచి, దారం దూర్చి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి బిగించి కడతారు. గంటంతో రాసింది రాసినట్టే కళ్ళకు కనిపించదు, ఆకు మీద రంగులేని గీత మాత్రమే పడుతుంది. ఆ మీదట మసి, ఆకుపసరు కలిపి పూసి తుడిచేస్తే, పైది పోయి గీతలోది నిలుస్తుంది. అప్పుడు అక్షరం నల్లగా తేలుతుంది. ఆకును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే మసి పోయిన చోట కూడా గీత లోతు కనిపిస్తుంది, చదవడం వచ్చినవాళ్ళు అలాగే చదువుతారు. ఆకు ఎండితే పెళుసెక్కి వేలు తగిలినా అంచు విరుగుతుంది, తేమ పడితే పురుగు తొలుస్తుంది. అందుకే నిమ్మగడ్డి నూనె పూస్తారు, ఆ గదుల్లో వచ్చే వాసన దానిదే. ఫోటో తీసే ముందు అడగండి, ఫ్లాష్ అసలే వద్దు, ఆకును మీ చేత్తో తిప్పకండి. ఇక్కడ ముప్పావుగంట పెట్టుకోండి. ఊరికే గోడలు చూసి వచ్చేస్తామనుకునేవాళ్ళకు పది నిమిషాలు కూడా ఎక్కువే, వాళ్ళు దీన్ని వదిలేసి లైబ్రరీ వైపు పోవచ్చు.

తిండి సంగతికొద్దాం. పొద్దున టిఫిన్‌కు బాలాజీ కాలనీ చుట్టుపక్కల బండ్లు, చిన్న హోటళ్ళు చాలు. ఇడ్లీ, దోసె, పొంగల్, పూరీ దొరుకుతాయి. కారం దోసె అడిగేటప్పుడు ఎర్రకారం రోజూ నూరిందేనా అన్నది పక్కవాడి ప్లేటులో రంగు చూస్తే తెలుస్తుంది. తాజాది ఇటుక ఎరుపులో తడిగా మెరుస్తుంది, నిన్నటిది అంచుల్లో నల్లబడి ఉంటుంది. రైల్వేస్టేషన్, గోవిందరాజస్వామి గుడి చుట్టూ పాత పేరున్న శాకాహార హోటళ్ళున్నాయి, భోజనం బాగుంటుంది. కానీ అక్కడికి పోయి రావడానికి గంట, టేబులు కోసం నిలబడటానికి అరగంట. ఈ ప్రయాణానికి అవి పనికిరావు.

మధ్యాహ్నానికి రాగి సంగటి తినండి. చంద్రగిరి వైపు పోయే రోడ్డు మీద సంగటి, నాటుకోడి పులుసు పెట్టే హోటళ్ళు వరసగా ఉన్నాయి. పేరును బట్టి కాదు, ముద్దను బట్టి హోటలు ఎంచుకోవాలి. సంగటి సరిగ్గా చేస్తే ముందు బియ్యం మెత్తగా ఉడకాలి, ఒక గ్లాసు బియ్యానికి నాలుగైదు గ్లాసుల నీళ్ళు. ఉడికే అన్నం మీద ఒక గ్లాసో, గ్లాసున్నరో రాగి పిండి కుప్పగా పోసి, కట్టెతో మధ్యలో రంధ్రం చేసి, మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు వదలాలి. ఆవిరి పిండిలోకి ఎక్కాక దించి, గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి గట్టిగా కెలకాలి. తొందరపడి ముందే కెలికితే పిండి ఉండలు కడుతుంది. మీ ముందు పెట్టిన ముద్దను మధ్యకు విరిచి చూడండి. లోపల లేత రంగు పొడి మచ్చలు కనిపిస్తే అది ఉడకని పిండి, కడుపులో బరువు చేస్తుంది. బాగా కుదిరిన ముద్ద వేలికి అంటుకోదు, విరిచిన చోట ఆవిరి వస్తుంది, మధ్యలో గుంట చేసి నెయ్యి వేస్తే అది పక్కలకు కారిపోదు. 12.30 నుంచి 1.30 లోపు వెళ్ళాలి. 2 దాటితే మిగిలింది పొద్దుటి సంగటే, బిర్రబిగిసి ఉంటుంది. మాంసం తిననివాళ్ళు చెనిక్కాయల ఊరిబిండి, పప్పు, పచ్చిపులుసు అడగండి. అసలు సంగటికి ఊరిబిండితో కుదిరే జత ఇంకేదీ లేదు. నాటుకోడి చెప్తే ముక్కలు ఎముకకు గట్టిగా పట్టుకుని ఉండాలి. వేలితో తాకగానే ఊడివస్తే అది ఫారం కోడి, నాటుకోడి రేటు కట్టడం దండగ.

తిన్నాక నేరుగా చంద్రగిరి. ఊరికి 12 నుంచి 15 కిలోమీటర్లు, పడమటి దారిలోనే. సిటీ బస్సులు, షేర్ ఆటోలు రెండూ ఉన్నాయి. వానాకాలంలో, అందులోనూ అక్టోబరు, నవంబరు నెలల్లో గట్టి వాన పడితే వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే వంతెన కింద నీళ్ళు నిలుస్తాయి. ఆ దారిలో లోతు అంచనా వేయకుండా బండి దించొద్దు, చుట్టు తిరిగి పొండి. సొంత బండి ఉంటే ఈ దారిలోనే శ్రీనివాస మంగాపురం వస్తుంది. కొండెక్కని దిగులున్నవాళ్ళకు ఇదే జవాబు. పద్మావతీ అమ్మవారిని పెళ్ళాడిన స్వామి కొండెక్కేముందు కొన్నాళ్ళు ఇక్కడున్నాడని నమ్మిక. కళ్యాణ వేంకటేశ్వరస్వామి గుడిలో శనివారాలు, ఫిబ్రవరి వైపు వచ్చే బ్రహ్మోత్సవాలు తప్పిస్తే అరగంటలో దర్శనమై బయటపడతారు. దగ్గర్లోనే శ్రీవారి మెట్టు, 2388 మెట్లు. "ఇంతదాకా వచ్చాం కదా" అని దాని మాట ఎత్తకండి.

చంద్రగిరి ఊళ్ళో దిగి, కోట దాకా ఆటో మాట్లాడుకోవాలి. ఎండలో నడవొద్దు. కోట లోపల రాజమహల్, దాని పక్కన రాణీమహల్, శిథిలమైన గుళ్ళు, కోనేరు. మ్యూజియం రాజమహల్‌లోనే, సాయంత్రం 5కు మూస్తారు. మూడున్నర లోపు టికెట్ తీసుకుంటే తీరిగ్గా చూడొచ్చు. 15 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. రాజమహల్ మూడంతస్తులు. ఎక్కడా దూలం లేదు, కర్ర లేదు. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. దర్బారు గదిలో నిలబడి పైకి చూస్తే సంగతి అర్థమవుతుంది. బరువంతా వంపుల మీదుగా స్తంభాలకు, అక్కణ్ణుంచి గోడలకు దిగుతుంది, కప్పును మోయడానికి కర్రతో పనే లేదు. పైన గోపురాలు గుడివి, కింద వంపులు సుల్తానుల కట్టడాలవి. విజయనగరం వాళ్ళు చివరి రోజుల్లో రెండు పద్ధతులనూ ఎలా కలుపుకున్నారో ఇంతకన్నా చక్కగా కనిపించే కట్టడం మన సీమలో లేదు.

లోపల యాగంటి, గండికోట లాంటి చోట్ల నుంచి తెచ్చిన శిల్పాలు, కంచు విగ్రహాలు, కత్తులు ఉన్నాయి. వస్తువులు మంచివి. వాటి పక్కన రాసిన మాటలు మాత్రం చాలవు. ఎవరిది, ఎక్కడిది అని రెండు ముక్కల్లో ముగుస్తాయి. చరిత్ర చదివిన స్నేహితుడు పక్కనుంటే ఈ లోటు తీరుతుంది, ఈ కోటను స్నేహితుడితో కలిసే చూడమనడానికి అదో కారణం. 1639లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి మదరాసులో జాగా దొరికింది చంద్రగిరి రాజు ఏలుబడిలో, ఆయన సామంతులు దామెర్ల వారి చేతుల మీదుగా. చెన్నపట్నం కథ ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. ఆ మాట మ్యూజియంలో ఇంకాస్త పెద్ద అక్షరాలతో, మ్యాపుతో చెప్పాల్సింది. రాణీమహల్ పేరు చూసి అంతఃపురం అనుకోకండి. కింది భాగం గుర్రపుశాలలా ఉంటుంది, దళవాయి, అంటే సేనాపతి, ఉండే మేడ అనే మాటా ఉంది. బయట పచ్చిక మీద చెట్ల నీడలో కూర్చుని మాట్లాడుకోవడానికి గంట దొరుకుతుంది. ఈ ప్రయాణం మొత్తంలో స్నేహితుడితో నిమ్మళంగా కూర్చునేది ఇక్కడే, కాబట్టి మ్యూజియంలో అన్నీ చూడాలని పట్టుబట్టి ఆ గంట పోగొట్టుకోవద్దు. తినేవి బయటకు తీయకండి, కోతులు సంచీతో సహా లాక్కుపోతాయి.

కోటను చివరికి పెట్టడంలో లాభం ఇప్పుడు తెలుస్తుంది. చంద్రగిరి మీరు ఇంటికి పోయే దారిలోనే ఉంది, మళ్ళీ తిరుపతి ట్రాఫిక్‌లోకి వెనక్కి పోనక్కర్లేదు. సంచి కూడా వెంటే తెచ్చుకోండి, హాస్టల్లో వదిలేస్తే ఈ వరుసంతా చెడుతుంది. 5.15కల్లా రోడ్డు మీదికి వచ్చి చిత్తూరు పోయే ఎక్స్‌ప్రెస్సో, పల్లెవెలుగో ఎక్కండి. కొన్ని బస్సులు ఊళ్ళోకి రాకుండా బైపాస్ మీదుగా పోతాయి. ఎక్కడ నిలబడాలో కోట నుంచి తెచ్చిన ఆటో ఆయన్నే అడిగితే సరైన చోట దించుతాడు. స్నేహితుడికి ఎదురువైపు తిరుపతి సిటీ బస్సు సులువుగా దొరుకుతుంది. ముందు మీ బస్సు వచ్చేలా చూసుకోండి, దూరం పోవాల్సింది మీరే. చెన్నై నుంచో, నెల్లూరు నుంచో వచ్చి తిరుపతిలోనే మళ్ళీ రైలెక్కేవాళ్ళయితే ఈ వరుసను తిప్పేయండి. పొద్దున చల్లపూట కోట, సాయంత్రం క్యాంపస్, చీకటి పడకముందే స్టేషన్.

చేతిలో ఏం పట్టుకుపోవాలంటే, హాస్టల్లో ఉండేవాళ్ళకు స్వీటు ప్యాకెట్ల కన్నా ఇంటి చెనిక్కాయల పొడి, ఊరగాయ, చిత్తూరు బెల్లం ముద్ద ఎక్కువ రోజులు ఉపయోగపడతాయి. ఊరగాయ సీసాకు మూత కింద పాలిథిన్ కవరు బిగించి, నిలువుగా పెట్టండి. నాన్‌స్టాప్ మలుపుల్లో నూనె కారితే బట్టలన్నీ పాడు. మే, జూన్ నెలల్లో బేనిషా మామిడిపండ్లు ఇవ్వాలనుకుంటే పూర్తిగా మాగినవి వద్దు. తొడిమ దగ్గర మాత్రం రంగు తిరిగి, నొక్కితే గట్టిగా ఉన్నవి ఎంచి, అట్టపెట్టెలో గడ్డి వేసి పేర్చండి. రెండు వరుసలకు మించితే కిందివి నలుగుతాయి. అలా ఇస్తే మూడు నాలుగు రోజులకు గదిలోనే మాగుతాయి, రూమ్మేట్లకూ సరిపోతాయి. పెట్టెను కోట దాకా మోయకుండా పొద్దున కలవగానే గదిలో పెట్టించేయండి.